కొత్త జంట కోసిన కొమ్మలు

మట్టల ఆదివారానికి ముందురోజు, క్రీట్ దీవిలోని ఒక పల్లెలో. భర్త పోయిన కల్యోపి పప్పులోకి బిర్యానీ ఆకులా వాసనిచ్చే దాఫ్ని ఆకు ఒక్కటి కోసుకుందామని చెట్టు దగ్గరికి వచ్చింది. చూస్తే, భార్య పోయిన పొరుగింటి స్తెల్యోస్ నిచ్చెనెక్కి కొమ్మలు కోస్తున్నాడు.

"ఏమయ్యో, చెట్టుకు గుండు కొట్టేస్తున్నావా?"

"రేపు చర్చిలో మట్టలకు బదులు పంచడానికి."

"అవి ఆ ఏడు పెళ్లయిన కొత్త జంట కొయ్యాలి కదా! మధ్యలో నువ్వెవరు?"

"ఈ ఏడు ఊళ్లో పెళ్లే కాలేదు. కాబోయే జంటయినా చాలన్నారు ఫాదరు. పేర్లిచ్చేశాను."

"ఎవరివి?"

"ఒకటి నాది."

"రెండోది?"

"నీదే."

"సిగ్గులేకపోతే సరి! ముందు నన్నడగొద్దూ?"

"ఇష్టం లేకపోతే నిచ్చెన లాగెయ్."

కల్యోపి నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"ఆ పైకొమ్మ కూడా కొయ్యి. మన పప్పులోకి."