తొట్టిలో పాచికి ఆకలి

తమిళనాడులోని విరుదునగర్‌లో రంగుచేపల అంగడి నడిపే అమ్మాయికి కోవిల్‌పట్టి నుంచి ఒక పెద్దామె మళ్లీ ఫోను చేసింది.

"పాపా, ఉప్పునీళ్ల తొట్టిలో సముద్రపు పాచి ఇంకా తెల్లగానే ఉండాది."

"చేపలన్నీ చచ్చిపోయినాయి కదా పెద్దమ్మా. వాటి మురికే దానికి తిండి. ఇప్పుడు నీళ్లు మరీ శుద్ధంగా ఉండాయి, అందుకే ఆకలికి పాలిపోతా ఉండాది. నేనిచ్చిన ఎరువు చుక్కలు పోస్తా ఉండావా?"

"లైటు వేస్తా ఉండాను."

"లైటు కాదు పెద్దమ్మా, చుక్కలు. సీసా మూతైనా తీసినావా?"

"లేదు."

"ఎందుకు? మీ అక్క ఆశగా పెంచిన పాచి అంటివే!"

"అక్క ఉన్నప్పుడు ఇంట్లో మన మాట ఉన్నింది. ఆమె పోయినాక వీధిలో, బస్సులో, అంగట్లో అంతా అరవమే. నాతో తెలుగు మాట్లాడేది నువ్వొకతివే. పాచి పచ్చబడితే నీకు ఏం చెప్పి ఫోను చేసేది?"

అమ్మాయి చేతిలోని చేపల వలను బల్ల మీద ఠక్కున పెట్టింది.

"కోపమా పాపా?"

"కోపమే. అది చచ్చిపోతే మట్టుకు ఏం చెప్పి చేస్తావు? బాగా తింటే తొట్టంతా నిండుతాది. అప్పుడు నెలనెలా కత్తిరించాల, లేకుంటే కుళ్లిపోతాది. కత్తిరించింది ఇక్కడికి ఎత్తుకొని రా. నా దగ్గర పాచి తినే చేపలు ఉండాయి."

"బస్సెక్కి రావాల్నా?"

"ఊఁ. ముందు చుక్కలు పొయ్యి."

"పోస్తా. ఫోను పెట్టెయ్యొద్దు. మూత గట్టిగా ఉండాది. అది ఊడి వచ్చేవరకు ఏమన్నా మాట్లాడతా ఉండు."