దిక్సూచి పక్కన స్పీకరు

1993వ సంవత్సరం జూన్ పద్నాలుగో తేదీ, సోమవారం ఉదయం, టంకం పెట్టే కడ్డీ ఒకటి, గుడ్డసంచి ఒకటి తప్ప వేరే ఆస్తి లేకుండా, తీగల మేస్త్రిగారు మా రేవు కొట్టులో ఉద్యోగంలో చేరారు. పడవలకు రేడియోలూ దీపాలూ బిగించే ఆ కొట్టులో నేను అప్పటికే రెండేళ్లుగా అమ్మకాలు చూస్తున్నాను. ఈ నెలాఖరున ఆయన పదవీ విరమణ చేస్తున్నారు. నేను పుట్టు వ్యాపారిని. మనిషిని కూడా ఏం వచ్చింది, ఏం పోయింది అనే చూడగలను. ఆ పద్ధతిలోనే ఆయనను అభినందించడానికి సహోద్యోగులూ, ఆయన అక్కగారూ అనుమతించాలి.

మొదటి ఆరేళ్లూ ఆయన రేడియోలతోనే గడిపారు. తరువాత పడవలవారు కంప్యూటర్లు అడగడం మొదలుపెట్టారు. సముద్రపు పటం తెరమీదే కనిపిస్తుందనీ, పడవ ఎక్కడుందో చుక్కలా చూపిస్తుందనీ విని, ఇంట్లో వాడే పెట్టెలే తెచ్చి బిగించమనేవారు. మేస్త్రిగారు వెంటనే ఒప్పుకునేవారు కారు. ముందు ఆ పడవ ఎక్కి, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక మూల ఊరికే కూర్చునేవారు. నీళ్లు ఎక్కడ చిమ్ముతాయి, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుంది, పడవ ఊగినప్పుడు మనిషి చేయి దేన్ని పట్టుకుంటుంది అని చూసేవారు. ఆ తరువాతే ఎంపిక. ఫ్యాను ఉన్న పెట్టె వద్దు, ఉప్పుగాలిని పీల్చి చస్తుంది. తిరిగే డిస్కు వద్దు, అలల దెబ్బకు గీతలు పడుతుంది. ఇన్వర్టరు లేకుండా పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నేరుగా నడవాలి. ఎండలో కూడా తెర కనబడాలి.

ఈ నియమాలవల్ల నాకు చెడిన బేరాలు ఇన్నీ అన్నీ కావు. నేను అరగంట చెమటోడ్చి పెద్ద తెరకు ఒప్పించిన ఆసామిని, ఆయన ఒక్క మాటతో చిన్నదానికి దింపేవారు.

"అంత తెర మీకెందుకండీ? మధ్యాహ్నానికల్లా బ్యాటరీని నమిలి మింగేస్తుంది."

"మేస్త్రిగారూ, మీరు మా కొట్టులో పనిచేస్తున్నారా, పక్క కొట్టులోనా?" అని నేను పళ్లు కొరికేవాణ్ని.

"నేను పడవలో పనిచేస్తున్నానండీ," అనేవారు.

తొమ్మిదేళ్ల క్రితం ఆయన భార్య కాలం చేశారు. ఆ తరువాత ఆయన పడవల్లో కూర్చునే రోజులు ఒకటికి రెండయ్యాయి. "మా తమ్ముడు పనిలో ఉంటే మాట్లాడడు, ఇంటికెళ్తే మాట్లాడ్డానికి మనిషి లేదు. వాడి నోరు కొన్ననాటిలాగే కొత్తగా ఉంది," అని వారి అక్కగారు ఒకసారి నాతో అన్నారు. నవ్వాను గాని, ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ఆయన వ్యక్తిత్వానికి నిదర్శనంగా ఒక్క సంగతి చెబుతాను. ఇది ఆయన చేసిన తప్పు.

ఓడలను లాగే టగ్గులు నడిపి ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన ఒకరు, మేమంతా సరంగు తాత అనేవాళ్లం, చిన్న పడవలోనే ఒంటరిగా కాపురం ఉండేవారు. కూతురు రోజూ పొద్దున్నే ఫోనులో మాట్లాడేది. ఇంజను మోతలో ఆయనకు ఆ గొంతు వినబడేది కాదు. కంప్యూటరు బిగించేటప్పుడు మేస్త్రిగారు జాలిపడి, చుక్కాని చక్రం పక్కనే, చెవికి దగ్గరగా, ఫోనుకు కలిపి పెద్ద స్పీకరు పెట్టారు. దిక్సూచి అక్కడికి జానెడు దూరంలో ఉంది. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. తెర మీద దారి కనిపిస్తున్నన్నాళ్లూ దిక్సూచి ముల్లు ఓరగా తిరిగిందని ఎవరూ గమనించలేదు.

ఒక మంచు ఉదయాన తాత, బ్యాటరీ పొదుపు చేద్దామని కంప్యూటరు ఆపి, దిక్సూచిని నమ్ముకుని బయలుదేరారు. పడవ ఇసుక మేట ఎక్కింది. పోటు వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. పడవకు గీత కూడా పడలేదు. కాని నలభై ఏళ్లుగా తిరిగిన నీటిలో దారి తప్పానంటే తన బుర్రే చెడిపోయిందని తాత నిశ్చయించుకున్నారు. పడవ అమ్మకానికి పెట్టారు. కూతురు తన ఇంట్లో ఒక గది ఖాళీ చేసింది.

కంప్యూటరు ఊడదీయడానికి వెళ్లిన మేస్త్రిగారు మధ్యాహ్నానికే తిరిగి వచ్చారు.

"తప్పు తాతది కాదండీ. స్పీకరు తీస్తుంటే ముల్లు కదిలింది. అక్కడ పెట్టింది నేనే."

"ఎవరైనా అడిగారా?" అన్నాను.

"లేదు."

"అడగనిదానికి జవాబెందుకు? ముసలాయన కూతురి దగ్గర హాయిగా ఉంటాడు. ఈ మాట పొక్కిందంటే ఏ పడవవాడు మన గడప తొక్కుతాడు?"

ఆయన మళ్లీ సంచి భుజాన వేసుకున్నారు. "మీ లెక్క సరిగ్గానే ఉందండీ. అందులో తాత లేడు, అంతే."

ఆయన తాత పడవకు వెళ్తే, ఎక్కువ మాట్లాడతారేమోనన్న భయంతో నేనూ వెంట వెళ్లాను. మేస్త్రిగారు స్పీకరును దిక్సూచి దగ్గరికి తెచ్చారు, దూరం జరిపారు. ముల్లు అటూ ఇటూ తిరిగింది. తాత స్పీకరు లాక్కుని తనే అయిదారుసార్లు చేసి చూసుకున్నారు.

"ఓరి నీ దుంపతెగ! మూడు వారాలనుంచి నిద్ర లేదురా నాకు. బుర్ర పోయిందనుకుని, చెప్పులు ఎక్కడ విడిచానో కూడా అమ్మాయినే అడుగుతున్నాను!"

తిట్టారు, నవ్వారు, ఆ తరువాత ముఖం అటు తిప్పుకున్నారు. మూటలు కట్టడానికి వచ్చిన కూతురు మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంకో వారం ఆగి చెబితే మీ సొమ్మేం పోయేది బాబాయ్?" అంది. "నాన్న మా ఇంటికి వచ్చేసేవాడుగా."

మేస్త్రిగారు స్పీకరు తీసి సంచిలో వేసుకున్నారు. ఆమె ఒంటరిగానే వెనక్కి వెళ్లింది. తాత ఆ పడవలో మరో ఆరేళ్లు బ్రతికారు, చివరిదాకా తన చెప్పులు తనే వెతుక్కుంటూ.

ఆ ఏడు మూడు పడవలు పక్క కొట్టుకు వెళ్లిపోయాయి. రెండు తిరిగి వచ్చాయి, ఒకటి రాలేదు. అంటే నా లెక్క తప్పలేదు. అయినా ఆనాటినుంచి, బిగింపుకు ముందొకసారి, తరువాత ఒకసారి దిక్సూచిని సరిచూసి కాగితం మీద రాయనిదే మా కొట్టునుంచి ఏ పడవా కదలలేదు. అది ఆయన పెట్టిన నియమం. ఆయన వెళ్లినా ఉంటుంది.

మేస్త్రిగారికి ఆరోగ్యం నిలకడగా ఉండాలని, ఆయుష్షు నిండుగా ఉండాలని కోరుకుంటున్నాను. అంత ఆయుష్షులో, ఒంటరిగా ఉన్న ఇంట్లో, తనమీద తనకు నమ్మకం సడలే ఉదయం ఒకటి ఎవరికైనా వస్తుంది. ఆ ఉదయాన "తప్పు మీది కాదండీ" అని వచ్చి చెప్పే మనిషి ఆయనకూ ఉండాలి. మా ఇంటినుంచి వారి ఇంటికి నడిస్తే పది నిమిషాలు. అడగకపోయినా వస్తాను.