వంద కప్పుల మొహం

అక్క కప్పులు చేస్తుంది, తమ్ముడు వాటిని అమ్మిపెడతాడు. దుకాణం వెనక గదిలో, ఇంకా వేడి ఆరని బట్టీ ముందు, ఇద్దరూ వాదన మొదలుపెట్టి చాలాసేపయింది.

"నవ్వకు అక్కా. ముందా నవ్వు ఆపు."

"నవ్వట్లేదురా. దగ్గు."

"హోటల్ మేడమ్ వంద కప్పులడిగింది. తెల్లవి. ఒకేలాంటివి. చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"తెల్లగానే ఉన్నాయిగా."

"తెల్లగానే ఉన్నాయి! కానీ దీనికి ముక్కుంది. దీనికి చెవులున్నాయి. ఇదేమో... ఇది ఆవలిస్తోంది అక్కా!"

"ఆ నోట్లో చెంచా పెట్టుకోవచ్చు. సౌకర్యం."

"పది రోజులు తలుపేసుకుంది ఇందుకా? నేనేదో తపస్సనుకున్నా!"

"మొదటి మూడూ నున్నగానే చేశాను, ఒట్టు. నాలుగోదాని దగ్గర నిద్రొచ్చింది. ఐదోది చేస్తుంటే ఏడుపొచ్చింది. ఇంకా తొంభై అయిదనుకునేసరికి..."

"అనుకునేసరికి?"

"నువ్వు కిటికీలోంచి తొంగిచూశావు."

"చూస్తే?"

"సరిగ్గా చూడరా. ఆ ముక్కు ఎవరిది?"

"ఎవడిదో మొద్దుమొహం... ఆగు. ఆగాగు. ఇది నేనా?"

"ఇదీ నువ్వే, అదీ నువ్వే. పాత అయిదూ పగలగొట్టి మళ్లీ చేశాను, వందా నువ్వే. ఒకేలా కావాలన్నావు, ఒకే మనిషిని చేశాను. నీ మాటా నిలబడింది, నా పిచ్చీ తీరింది."

"నా ముక్కు ఇంత ఉంటుందా?"

"కాస్త తగ్గించాను కూడా."

"ఈ బుగ్గలేంటి, ఇలా ఉబ్బిపోయి?"

"ఎవరో బేరమాడుతున్నప్పటివి. పక్కది, వాళ్లు కొనకుండా వెళ్లిపోయాక. ఆ చివరిది, మంచి కూజా పట్టుకుని నేను 'ఇది అమ్మను' అన్నప్పుడు."

"మరి ఇది? కళ్లు మూసుకుని?"

"అదా... అది వదిలెయ్."

"ఎప్పటిది అక్కా?"

"నువ్వు ఆఫీసు మానేసి వచ్చిన రోజుది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీదే నిద్రపోయావు. అంత హాయిగా నువ్వు నిద్రపోవడం చిన్నప్పటి తర్వాత మళ్లీ ఆరోజే చూశాను."

"మాట మార్చకు. ఈ ఆర్డరు పోతే ఏమవుతుందో తెలుసుగా? సోమవారం పోయి మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చుంటానని ఆఫీసువాళ్లకి మాటిచ్చాను."

"తెలుసు."

"తెలిసీ ఇలా చేశావా?"

"తెలిసే చేశాను."

"ఇప్పుడావిడకి ఏం చెప్పను? 'అమ్మా, రేపట్నించి మీ అతిథులు నా మూతితో టీ తాగుతారు' అననా?"

"అంచు నున్నగానే ఉంచానురా. ఆ మాత్రం తెలీదా నాకు?"

"ఇదిగో, ఫోను. ఆవిడే! నువ్వెత్తు."

"నువ్వే ఎత్తు. అమ్మేది నువ్వు."

"చేసింది నువ్వు!"

"మోగిమోగి ఆగిపోతుందిరా!"

"నమస్తే మేడమ్! ఆ, కప్పులా... కప్పులంటే... కొద్దిగా... చూశారా? ఎప్పుడు? మంగళవారమా? అక్క కొన్ని ముందే తెచ్చిందా?... ఆవలించేదాని కోసం మీ వంటవాళ్లు కొట్టుకుంటున్నారా?... రెండింతల ధరా! లేదు లేదు, సరిగ్గానే వినబడింది... ఇంకో రెండొందల కప్పులా? తప్పకుండానండీ... ఏ షరతు?... ఆ... ఆ, గుర్తుందండీ. ఉంటాను మేడమ్."

"ఏమందిరా?"

"నీకు తెలీదూ! మంగళవారం పాలకని వెళ్లి రెండింతలకి అమ్మొచ్చావా? నువ్వు? ఎవరైనా బాగుందంటే చాలు, ఊరికే చేతిలో పెట్టేసే నువ్వు?"

"ఊరికే ఇద్దామనే వెళ్లాను. ఆవిడ పడీపడీ నవ్వింది. నవ్వేవాళ్లకి ధర ధైర్యంగా చెప్పొచ్చని నువ్వేగా అంటావు."

"అయ్యబాబోయ్! అక్కా, నాకు ఎగరాలనుంది. ఎగిరితే ఇవన్నీ పగులుతాయి. చిన్నగా ఎగురుతా, ఇక్కడే."

"ఎగురు. ఈ వరస నేను పట్టుకుంటా."

"అబ్బా... సర్లే, ఎగిరింది చాలు. ఇంతకీ ఒప్పంద కాగితంలో నాలుగో షరతు మర్చిపోవద్దంటోంది ఆవిడ. గుర్తుందని అబద్ధమాడేశాను. ఏ కాగితం? ఏ షరతు?"

"బల్ల సొరుగులో ఉంది. చదువుకో."

"'మొహాలిచ్చే తమ్ముడు ఏడాదిపాటు ఈ దుకాణం విడిచి వేరే ఉద్యోగానికి పోరాదు. పోతే ఒప్పందం రద్దు.' ఇదేంటి, కింద సంతకం నాదే! నేనెప్పుడు పెట్టాను?"

"మొన్న కరెంటు కాగితమని చెప్పి పెట్టించాను."

"ఆవిడకెందుకు అక్కా, నేను ఏ ఉద్యోగం చేస్తే ఏంటట?"

"ఆ షరతు ఆవిడది కాదురా. నాది."