షోకేసు జంట

హలో… ఆ, నేనే, కృపను. ఏందిరా, ఒక్క రింగుకే ఎత్తినవ్?

…ఆ, కడిగిండు. గురులింగప్ప తాత పొద్దున్నే రీలు కడిగిండు. దోస్తులందర్ని అమ్మోళ్ల పాత ఆల్బంల ఉన్నట్టు తాత స్టూడియోల ఫోటోలు తీస్త అంటే నవ్విన్రు కదా? ఇప్పుడొచ్చి చూడున్రి!

…చెప్తున్న, జర ఆగు. మహిధర్‌గాడు ప్లాస్టిక్ ఫోను చెవుకు పెట్టుకొని నవ్విండు చూడు, అచ్చం వాళ్ల నాయిన పెండ్లి ఫోటోనే.

…మీదా? మీ జంట ఫోటోనే అన్నిట్ల ఫస్టు, అఖిలేషూ! హంసల కర్టెన్ ముంగట నువ్వు కుర్చీల, రుచిత నీ భుజం మీద చెయ్యేసి. నీ మొఖం జూస్తే సూదిమందు ఇయ్యనీకి కూసోబెట్టినట్టుంది.

…అగో, ఊకె పోజు అని నాకు చెప్పకు. ఐదేండ్ల సంది మీ ఇద్దర్ని చూస్తున్న. ఆదివారం కోహీరు సంబంధమోళ్లు ఆ పిల్లను చూడనీకొస్తున్నరు, నువ్వేమో బెల్లంగొట్టిన రాయి లెక్క ఉన్నవ్.

…సరే, తిట్టను. అసలు ముచ్చట విను. ఆ ఫోటో షోకేసుల ఉంది.

…ఏ షోకేసేంది? తాత స్టూడియోదే, రోడ్డు దిక్కుది! ఏ రీలు కడిగినా మంచిదొకటి గ్లాసు ఎనుక పెడ్తడట. నలభై ఏండ్ల అలవాటు. నన్నడిగిండా ఏమన్ననా?

…అరవకురా, చెవు పోతది! ఇంకోటుంది. కూసొని విను.

నలుపు తెలుపు ఫోటో మీద తాత బ్రష్షుతోని రంగులేసిండు. నీ బుగ్గలు గులాబి. రుచిత చీర పచ్చ. మెడల… పుస్తెలతాడు.

హలో? ఉన్నవా? …నల్లపూసలు గూడ. చుక్క చుక్క పెట్టి గీసిండు.

…మీ అమ్మనా? ఆ… బాలమణి అత్తమ్మ గూడ చూసింది. కూరగాయలకొచ్చింది, సంచి కింద వెట్టి గ్లాసుకు ముక్కు ఆనిచ్చి చూసింది.

…లే, ఏడ్వలే. లోపలికొచ్చి "ఇంతకన్న పెద్దది అయితదా, ఫ్రేము గూడ కావాలె" అన్నది.

…మా అమ్మ మీద ఒట్టు! "మా వోనికి నోరు లేదు, ఈ ముసలాయనే నయం" అని గూడ అన్నది బాలమణి అత్తమ్మ.

…తాతనేం అనకు. షోకేసుల పెట్టుడు ఆయన సొంత తెలివి. పుస్తెలు ఆయన ఊకె గీయలే, చెప్తే గీసిండు.

…నేనా? నా మీద పడ్తవేందిరా! …రుచిత చెప్పింది.

అవ్, రుచితనే. పొద్దుగాల వచ్చింది. ఫోటో చాన సేపు చూసింది. "తాతా, మెడ బోసిగుంది" అన్నది. గంతే.

…లేదురా, మజాకు కాదు. నేను నవ్వబోయిన. ఆమె కండ్లల్ల నీళ్లు జూసి కూసోనీకి స్టూలు జరిపిన.

…ఇప్పుడా? ఇక్కడనే ఉంది. మీ అమ్మ గడప తొక్కంగనే ఆ హంసల కర్టెన్ ఎనుకకు ఉరికింది. మీ అమ్మ పోయి గంటైనా బయటికి వస్తలేదు. నువ్వొచ్చి నీ నోటితోని అడిగితేనే వస్తదట.

…ఝరాసంగం నుంచి ఇక్కడికి ఎంతసేపురా? జర లుంగి మార్చుకొని—

హలో? అఖిలేషూ? …పెట్టేసిండు, బయలెల్లినట్టుంది.

బయటికి రావే రుచితా, వాని బండి చప్పుడు ఇప్పుడే రాదుగని. తాతా, కొత్త రీలు ఎక్కియ్యి!