గంట మోగేదాకా తొక్కిన సైకిలు

గన్నెయ్యబావ భజనలో తాళాలు పట్టుకున్నాడంటే గంట మోగేదాకా కింద పెట్టడండి. మా అక్క మాణిక్యం మొగుడు. వాళ్ళది లంక ఊరు, చుట్టూ గోదారి, మధ్యలో కొబ్బరితోటలు. ఏడాదికోసారి రామకోవెల్లో ఏకాహం చేస్తారు. ఒక పగలూ ఒక రాత్రీ నామం ఆగకూడదు. ఒక జట్టు లేవాలంటే రెండో జట్టు వచ్చి నామం అందుకోవాలి, అందాకా గొంతు పోయినా సరే ఆపకూడదు. చివర్లో హారతిచ్చి గంట కొడతారు. గంట మోగిందా, ఇంక ఎక్కడి నోరు అక్కడ ఆగిపోవాల్సిందే. ఇది కాస్త గుర్తు పెట్టుకోండి. మరి మధ్యలో కరెంటు పోతే మైకెలాగా అని, మైకుసెట్టు తాతబ్బాయి ఒక మిషను కట్టాడంట. పాత సైకిలు స్టాండు మీద నిలబెట్టి, వెనక చక్రానికి డైనమో తగిలించి, పక్కన ఒక బ్యాటరీ పెట్టాడు. తొక్కితే కరెంటు. ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఏ ఇంటికైనా మోసుకుపోవచ్చు. తొక్కుడు మిషను అనేవారు.

ఏమైందంటే, ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టుకుంది. సాయంత్రం హారతి వేళకి గాలి లేచి, కరెంటు పోయి, కోవెల రేకులు ఎగిరిపోతుంటే పంతులుగారు ఎక్కడివక్కడ వదిలేసి ఇంటికి పరిగెత్తాడంట. కోవెల్లో హారతికి గంటా డోలూ వాయించే కరెంటు మిషనొకటుంది, దాని స్విచ్చి కట్టెయ్యలేదు. ఎవరికి గుర్తుంటుందండి అప్పుడు? తెల్లారి చూస్తే స్తంభాలు పడిపోయాయి, పడవలు ఆగిపోయాయి. మా అక్కకేమో చిన్నప్పటినుంచీ కొబ్బరిపీచు దుమ్ములో పనిచేసి ఊపిరితిత్తులు పాడయ్యాయి. పెట్టెంత గాలిమిషనొకటి పక్కనుంటేనే ఊపిరి. అది కరెంటుతో నడిచేది. ఇంట్లో ఉన్న ఒక్క గాలిబండా, అదే గాలి నింపిన సిలిండరు, ఆ రాత్రికే అయిపోయింది. ఇంక బావ తాతబ్బాయి కాళ్ళమీద పడబోతే, వాడు వెనక్కి తగ్గి, అదేంటి బావా, మాణిక్యమక్క పెట్టిన అన్నం నేను తినలేదా అని, మిషను తెచ్చి అరుగు మీద దింపాడంట. బ్యాటరీ పాతదైపోయింది బావా, కాలు తీస్తే పావుగంట కూడా ఆగదు, ప్లగ్గు జోలికి మాత్రం ఎవరూ పోకండి, అది నేనే చూసుకుంటాను అన్నాడంట. కొత్త గాలిబండ తెచ్చే పడవ శుక్రవారానికి గాని రాదన్నారు. అప్పటికింకా మంగళవారం.

ఊరంతా వంతులేసుకున్నారు. ఎలాగనుకున్నారు, ఏకాహం వంతులే. భజన జట్లే తొక్కుడు జట్లు. ఒకడు కాలు తియ్యాలంటే రెండోవాడు వచ్చి పెడలు మీద కాలు వెయ్యాలి. తొక్కుతూ నామం చెప్పేవారంట. మా తమ్ముడి భార్య పల్లాలమ్మ దగ్గరుండి అక్కకి జావ పట్టేది, ఇదంతా నాకు చెప్పింది ఆవిడే. బావ వంతొస్తే అక్క ముక్కుకి పెట్టిన గాలిముసుగులోంచే నవ్వేదంట. చూశావా పల్లాలూ, నలభై ఏళ్ళ కాపరంలో ఒక్కనాడు నన్ను సైకిలెక్కించుకుని తీర్థానికి తీసుకెళ్ళలేదు మీ అన్నయ్య, ఇప్పుడు తొక్కుతున్నాడు, అదీ అరుగు దాటని సైకిలు, అని. బావేమో, మాట్లాడకే, నీ మాటలకి కూడా నేనే తొక్కాలి అనేవాడంట. కరెంటొస్తే కోవెల్లో కాయ కొడతానని మొక్కుకుని, కొబ్బరికాయ ఒకటి ఒలిచి గూట్లో పెట్టుకున్నాడు.

మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది, గురువారం మధ్యాహ్నమైంది. బావ వంతు. పల్లాలమ్మ నీళ్ళకని బోరింగు దగ్గరికెళ్ళింది. ఏమైందంటే, కోవెల్లో గంట మోగిందండి. గంటా డోలూ, ఊరు అదిరిపోయేటట్టు. మోగించింది మనిషి కాదు, పైవీధి లైనుకి కరెంటొచ్చింది, స్విచ్చి వేసే ఉంది కదా, దానంతటదే మోగింది. బావ కాలు ఆగిపోయింది. నలభై ఏళ్ళ అలవాటండి, గంట మోగితే ఆగడమే. దిగి, మాణిక్యం, కరెంటొచ్చింది, తాతబ్బాయి వచ్చి ప్లగ్గు మారుస్తాడు, నే కాయ కొట్టొస్తాను అన్నాడంట. ఎళ్ళిరా అందంట అక్క. బ్యాటరీ మీద మిషను ఆడుతూనే ఉంది మరి. వాళ్ళది కిందవీధి లైను. అది తెగి తోటలో పడి ఉంది. పట్టపగలు బల్బు వెలిగిందా లేదా అని ఎవరు చూస్తారండి?

కోవెల దగ్గర జనం. ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారంట సంతోషానికి. బావ కాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని ఇటు తిరిగితే, మైకు తీగలు సర్దుతూ తాతబ్బాయి. నువ్విక్కడున్నావేంట్రా, ప్లగ్గు మార్చావా అన్నాడు బావ. నువ్వు తొక్కుతున్నావని కదా బావా నేనిటొచ్చాను అన్నాడు వాడు. మరి ఎవరు తొక్కుతున్నారు అన్నాడంట బావ. అదే మాట మళ్ళీ అన్నాడంట. చేతిలో కొబ్బరిచిప్పలతోనే పరిగెత్తాడు. గాలిమిషను ఆగే ముందు కుయ్యి కుయ్యిమని అరుస్తుంది, అరిచే ఉంటుంది, ఆ డోలు మోతలో ఎవరికి వినబడుతుంది? బావ వచ్చి అక్క ముఖం చూడలేదంట, సైకిలెక్కేశాడు. పల్లాలమ్మ బిందె దించి లోపలికెళ్ళి, బయటికొచ్చి, అన్నయ్యా దిగు అందంట. దిగలేదు. చీకటి పడేదాకా తొక్కాడు, దించితే మళ్ళీ ఎక్కాడు.

శుక్రవారం పడవ వచ్చింది. అందులో గాలిబండ వచ్చింది, నేనూ వచ్చాను. మూడు రోజులు అవతలి ఒడ్డున కూచుని రాముణ్ణి ఒక్కటే అడిగాను, పడవ పంపు తండ్రీ అని. పంపాడు, కాదనను.

బావ ఇప్పటికీ ఉన్నాడు. ఏకాహంలో గంట మోగినా ఆయన తాళాలు ఆపడు. ఎవరూ ఆపమని అనరు కూడా, ఆయనంతట ఆయన ఆపేదాకా కూచుంటారు. పంతులుగారు ఆ గంటమిషను పీకించేశాడు, చేత్తోనే కొడుతున్నారు, అదీ కిందవీధికి మనిషిని పంపి, అందరూ బాగున్నారా అని కనుక్కున్నాక. నేను రోజూ దీపం పెట్టుకునేదాన్నే, దేవుణ్ణి ఒక మాట అనను. కాకపోతే ఆయనింటికి కరెంటు ముందొస్తుందండి. మనింటికీ వచ్చిందో లేదో ఆయన కాస్త తొంగి చూడాలి. మనమూ చూసుకోవాలి.