సగం బాబిన్

“మిషన్ పక్కనే చాప యాల పరిసిండావవ్వా?”

అదా? అది నా మందమ్మా. నవ్వబాకు, నిజ్జంగానే. మీయమ్మ అప్పుడు ఆరో తరగతి... కాదు కాదు, ఐదు. కుప్పంలో మా సెల్లెలింటికి పోయినా, ఆడ జరం పట్టుకునింది. జరమైతే పది దినాలకు దిగిపోయింది గానీ, దాంతో వచ్చిన అలుపు ఉండాదే, అది పోలా. ఎంత నిద్దరపోయినా పోదు. తల దువ్వుకుంటే సేతులు పడిపోయేవి. ఈ పుంగనూర్లో మా వీధికంతా రైకలు కుట్టేదాన్ని నేనే కదా అప్పుడు. రైకకు కూలి ఎనిమిది రూపాయలు, అంతే.

మదనపల్లి ఆస్పత్రికి పోతిమి. రక్తం, ఎక్స్‌రే, అన్నీ సూసి, బాగుండాయి పొమ్మన్నారు. ఆడనే మునిగింది నా కొంప! రిపోర్టు బాగుంటే రోగం లేనట్టే కదా మా యత్తకు. “ఏమీ ల్యా, ఒట్టి సోంబేరితనం” అని వీధంతా సాటింపేసింది. మీ తాతేమో మిషన్ అమ్మేస్తానన్నాడు. అది పోతే నేనింక ఎందుకూ పనికిరానని ఏడిసినా సూడు, ఆ పొద్దంతా ఏడిసినా.

మళ్లా పోతే ఆడొక డాక్టరమ్మ కూర్చోబెట్టి, “ఇదీ జబ్బేనమ్మా, దీనికి పేరుండాది” అనింది. ఇంగ్లీషు పేరు, నాకు నోరు తిరగదు. నయం చేసే మందు లేదంట. అలిసినాక కాదు, ఓపిక మిగిలుండగానే పని ఆపేయల్లంట.

ఎట్ల ఆపేది, సెప్పు? బాబిన్‌కు దారం సగమే సుట్టుకుంటి. అది అయిపోతే, రైకకు సెయ్యి అతికినా అతకకపోయినా, ఈ చాపమీద పండుకోవాల్సిందే. ఒకసారి ఒళ్లు తేలిగ్గా ఉండాది కదా అని పెండ్లి రైకలు నాలుగు ఒకే దినం కుట్టేసినా. ఇంకేముంది, పన్నెండు దినాలు మంచం దిగలా! మళ్లా ఆ తప్పు సేయలేదు. మిషన్ అమ్మనీలేదు. మీయమ్మ టీచరు ట్రైనింగు సదివింది దీనిమీదనే. గొప్పే సెప్పుకుంటాండా, యాల సెప్పుకోగూడదు?

ఒకనాడు రైక కోసరం వచ్చినామె, నేను పండుకోనుండేది సూసి “పట్టపగలు ఏం సోంబేరమ్మా” అనె. మా యత్త వాకిట్లో సింతపండు ఒలుస్తాండాది. లేసింది సూడు! “ఎవురే సోంబేరి? దారమైపోయిండాది, పండుకోనుండాది. రేపు రాపో!” అని అరిసింది. నేను కండ్లు మూసుకోనే ఇన్నా. నీళ్లు కారిపోయినాయి తల్లీ, నవ్వూ వచ్చె.

నీకు ఈ అలుపు రాకూడదమ్మా. సల్లంగుండు. ఎవురన్నా వచ్చి ఒంట్లో సాతకాలేదంటే మాత్రం రిపోర్టు అడగబాకు, నమ్ము.