గుర్రం వీపు మీద దేవుడు

కదలకే సార్తా, నీ వీపు తుడవనీ. నా మీద చిరాకు పడతావేం? తుడవమన్నది నేనా? పూజారి తాత అన్నాడు, ఊరంతా తలూపింది. నేనెంత, నా మాటెంత?

చూశావుగా. నేల మీద ఈటెలు పరిచారు. నువ్వు కుడికాలు ముందేసి దాటితే పట్టుబడినవాడికి బతుకు, ఎడమకాలేస్తే దేవతలకు బలి. కుడికాలే వేశావు. అక్కడితో అయిపోవాలి కదా? తాతల నాటి నుంచీ ఒక్కసారే కదా అడిగేది?

కాదట. సిలువవాళ్ళ దేవుడు కంటికి కనబడకుండా నీ వీపెక్కి కూర్చుని కాలు కదిలించాడట. తుడిచేసి మళ్ళీ నడిపించాలట.

నా కొడుకు గెద్విలాను వాడి ఆరేళ్ళప్పుడు సంధికి హామీగా వాళ్ళ కోటకు పంపమన్నదీ ఈ ఊరే. అప్పుడూ ఇలాగే తలూపారు. ఏటా చలి ముదరకముందే ఎర్ర అంచు మేజోళ్ళు అల్లి, వాడికిమ్మని ఉప్పు వర్తకుడి చేతికిచ్చేదాన్ని. పాదం ఎంత పెరిగిందో ఎవర్నడగను? బిగుతైతే మంచుకు కాళ్ళు కొంకర్లు పోతాయని ఎప్పుడూ వేలెడు ఎక్కువే అల్లేదాన్ని.

నిన్న మన మీదికొచ్చిన ఆ తెల్ల అంగీల సిలువవాళ్ళు మన బురదనేలలో గుర్రాలతో సహా కూరుకుపోయారు. గెలిచాం, సరే. పొద్దున పట్టుబడినవాణ్ణి కట్టి తెస్తుంటే నేనూ చూడ్డానికి వెళ్ళాను. ముఖం పోల్చుకోలేదే. కాళ్ళు చూశాను. ఎర్ర అంచు మేజోళ్ళు, మడమ దగ్గర వదులుగా ముడతలు పడి.

ఎంత ఏడ్చానో. విల్తె పక్కకొచ్చి నిలబడింది. "నీ కొడుకు గుర్రమెక్కి వచ్చాడు వదినా. నా కొడుకు తలుపుచెక్క మీద శవమై వచ్చాడు," అంది. దాని కడుపుమంట అబద్ధమా?

నీకొక్కదానికే చెబుతున్నా. ఇందాక నీ కాలు కదిలించింది ఏ దేవుడూ కాదు. కుడిపక్కన నిలబడి గుప్పిట్లో రొట్టెముక్క చూపించాను. బుద్ధెరిగాక దేవతల దగ్గర నేను చేసిన దొంగతనం అదొక్కటే.

ఆ రొట్టె నువ్వు తినేశావు. ఇంకోటి లేదు. ఉన్నా ఏం లాభం? ఈసారి నీ పగ్గం విల్తె పడుతుందట. నన్ను ఆడవాళ్ళ వెనక నిలబడమన్నారు.

పిలుస్తున్నారు. వస్తున్నానని చెప్పాలి.

గుడ్డ తగిలీ తగలనట్టే తుడిచానులే. ఒకవేళ వాళ్ళ దేవుడు నిజంగానే అక్కడుంటే, కిందపడకూడదు కదా.

సార్తా, నా తల్లీ, నీ వీపు మీద కాస్తయినా బరువుగా ఉందా?